భ్రమరకీటక న్యాయం – కందిరీగ గూటిలో అసలు జరిగేది

(ద్వితీయ బి.యస్సీ. విద్యార్థి – వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం)

‘భ్రమరకీటక న్యాయం’ అనే మాటను తెలుగు చదువుకున్న ప్రతి విద్యార్థీ ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటాడు. భ్రమరం ఒక పురుగును పట్టి తెచ్చి, మట్టిగూటిలో పెట్టి, మూతవేసి, చుట్టూ ఝుంకారం చేస్తూ తిరుగుతుందట. లోపల ఉన్న పురుగు భయంతో నిరంతరం ఆ భ్రమరాన్నే తలచుకొని తలచుకొని, చివరకు తానే భ్రమరమై గూడు చీల్చుకొని బయటికి వస్తుందట. భక్తుడు భగవంతుణ్ణి అలా ధ్యానిస్తే ఆయనలో ఐక్యమౌతాడని చెప్పడానికి వేదాంతులు ఈ పోలిక వాడారు. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకు చెప్పిన 24 గురువులలో ఈ గూడు కట్టే పురుగు కూడా ఒకటి.

వేదాంతం జోలికి నేను పోను. పోలిక పోలికగా చాలా అందమైనది. పైగా ఇందులో కంటితో చూసిన నిజాలు రెండున్నాయి. గూటిలోకి పోయింది గొంగళిపురుగు. బయటికి వచ్చింది కందిరీగ. రెండూ నిజమే. మన పెద్దలు చూపు మందగించినవాళ్ళేమీ కారు. చిక్కల్లా మధ్యలో ఉన్న మట్టిగోడతోనే. దాని వెనుక ఏం జరిగిందో చూడకుండా ఊహించుకున్నారు.

ఈ ఊహ మన దేశానికే పరిమితం కాదు. చైనాలో కూడా, కందిరీగకు పిల్లలు లేరు కాబట్టి గొంగళిపురుగును ఎత్తుకొచ్చి దత్తత చేసుకొని, తనలాగే మారమని దానికి నూరిపోస్తుందని నమ్మేవారు. పెంపుడు కొడుకును ఆ పురుగు పేరుతోనే ‘మింగ్లింగ్’ అని పిలిచేవారు. అయితే సుమారు 1500 ఏళ్ళనాడే తావో హోంగ్‌జింగ్ (456–536) అనే వైద్యవేత్త గూళ్ళను పరిశీలించి, కందిరీగకు సొంత గుడ్లున్నాయనీ, లోపల పెట్టిన పురుగులు దాని పిల్లలకు మేత మాత్రమేననీ తేల్చి చెప్పాడు. గూడు విప్పి చూస్తే తేలిపోయే సంగతి అది.

అందుచేత మనం కూడా ఒక్కొక్క గూడూ విప్పి చూద్దాం.

పేరు ఒకటే, జాతులు వేలు

చీమలు, తేనెటీగలు, కందిరీగలు – ఈ మూడూ ‘హైమనోప్టెరా’ అనే ఒకే క్రమానికి చెందిన దాయాదులు. కందిరీగల్లో కుట్టగలిగినవే దాదాపు 33 వేల జాతులు ఇప్పటికి గుర్తింపు పొందాయి. మనం భయపడే తుట్టె కందిరీగలు, అంటే గుంపుగా కాపురం చేసేవి, అందులో సుమారు వెయ్యి జాతులు మాత్రమే. మిగిలినవన్నీ ఒంటరివి. వాటికి రాణి లేదు, కూలీలు లేరు. ఒక్క తల్లే గూడు కట్టి, వేటాడి, గుడ్డుపెట్టి, మూసి వెళ్ళిపోతుంది.

కుట్టేది ఆడ కందిరీగ మాత్రమే. గుడ్లు పెట్టే నాళమే పరిణామక్రమంలో కొండిగా మారింది. నాళమే లేని మగదానికి కొండి ఎక్కడినుంచి వస్తుంది?

ఇంకో విశేషం చూడండి. పెద్ద కందిరీగ తాను తాగేది ఎక్కువగా పూలలోని మకరందం వంటి తీపి ద్రవాలే. మాంసం కావలసింది పిల్లకు. కాళ్ళూ రెక్కలూ లేని ఆ లార్వా తనంతట తాను వేటాడలేదు కనుక, దానికి మేత, చాటు రెండూ తల్లే సమకూర్చాలి. కందిరీగ గూడు అంటే తాను ఉండే ఇల్లు కాదు. పిల్ల కోసం కట్టిన ఉయ్యాల, గాదె కలిసిన గది.

మట్టి గూళ్ళు

మా మోటారు షెడ్డులో స్టార్టరు పెట్టె పక్కన ఏడాదికొకసారైనా గుప్పెడంత మట్టిముద్ద అంటుకొని ఉంటుంది. ఇంట్లో అలాంటి గూడు పెడితే త్వరలో ఉయ్యాల కడతారని మా నాయనమ్మ నమ్మకం. ఆ ముద్ద కట్టే మేస్త్రి సన్నటి పొడవాటి నడుముతో, నలుపు పసుపు రంగుల్లో ఉంటుంది. శాస్త్రీయ నామం స్కెలిఫ్రాన్ మద్రాస్పటానమ్. 1781లో ఫెబ్రీషియస్ అనే శాస్త్రవేత్త మద్రాసు పేరు కలిపి దీనికి నామకరణం చేశాడు.

బోరు నీళ్ళు పారిన చోట, కుంట గట్టున, ఇది తడిమట్టి మీద వాలి గుయ్యిమని శబ్దం చేస్తూ మట్టిని చిన్న ఉండగా చేసి తీసుకుపోతుంది. ఉండ తరువాత ఉండ పేర్చి వేలెడు గొట్టంలాంటి గది కడుతుంది. ఇక వేటకు బయలుదేరుతుంది. ఈ జాతికి కావలసింది సాలెపురుగులు. ఒక్కొక్కదాన్నే కుట్టి, చచ్చుబడేలా చేసి, గదిలో కుక్కి, వాటిలో ఒకదానిమీద గుడ్డు పెట్టి, మట్టితో మూసేస్తుంది. దాని పక్కనే మరో గది. అన్నీ అయ్యాక పైన మందంగా మెత్తుతుంది. అందుకే బయటికి గదులు కనిపించవు. ఉత్త మట్టిముద్దలా ఉంటుంది. కిందటి వేసవిలో షెడ్డు గోడనుంచి ఊడిపడిన గూటిని నేను బ్లేడుతో కోసి చూశాను. ఒక గదిలో పన్నెండో పదమూడో చిన్న సాలెపురుగులు, ఇంకోదానిలో గోధుమరంగు పట్టుగూడు, మరోదానిలో ఖాళీ డొల్ల ఉన్నాయి. ఒకే ముద్దలో మూడు దశలు!

న్యాయంలో చెప్పిన గొంగళిపురుగు దొరికేది దీని గూటిలో కాదు, కుమ్మరి పనితనం చూపే మరో రకం కందిరీగ గూటిలో. మన ప్రాంతంలోని డెల్టా ప్రజాతి కందిరీగలు ఈ కోవలోవే. కిటికీ చువ్వమీదో, చెట్టుకొమ్మమీదో, మూతి సన్నగా ఉన్న బుడ్డి కుండను కడతాయి. తల్లి ముందుగా కుండ పైకప్పునుంచి సన్నని దారంతో గుడ్డును వేలాడదీస్తుంది. ఆ తరువాతే గొంగళిపురుగుల్ని తెచ్చి కింద నింపి మూతి మూసేస్తుంది. చచ్చుబడినా పురుగు కాస్త కదలవచ్చు కదా! నలిగిపోకుండా గుడ్డును ఉట్టిమీద పెట్టిందన్నమాట. పిల్లల చేతికి అందకుండా మన ఇళ్ళలో పెరుగు కుండను ఉట్టిమీద పెట్టినట్టే.

రెండు మూడు రోజుల్లో గుడ్డు పగిలి లార్వా వస్తుంది. సిద్ధంగా ఉన్న మేతను తిని, పెరిగి, ప్యూపాగా మారి, కొన్ని వారాలకు కందిరీగై గోడ తొలుచుకొని బయటికి వస్తుంది. ఇదీ భ్రమరకీటక న్యాయం వెనుక ఉన్న అసలు కథ. కీటకం భ్రమరం కాలేదు. కీటకాన్ని తిని భ్రమరం పెరిగింది. మూత వేశాక తల్లి ఆ గది తెరవదు. కన్న బిడ్డ ముఖం సాధారణంగా అది చూడనే చూడదు.

చంపి పెట్టవచ్చు కదా, చచ్చుబడేలా చేయడం దేనికి? చస్తే మన ఎండల్లో రెండో రోజుకే కుళ్ళిపోతుంది. విషం నాడీకేంద్రాలను స్తంభింపజేసి కదలిక మాత్రం ఆపుతుంది. ప్రాణం నిలిచి ఉంటుంది కనుక మేత చెడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో తాజా ఆహారం నిలవచేసే విద్య ఇది.

ఒక్కోసారి ఈ గూట్లోంచి కట్టినది కాక, మెరిసే నీలిపచ్చ రంగు కందిరీగ రావడం కూడా కద్దు. స్టిల్బమ్ సయనూరమ్ అనే ఈ జాతి ఇతరుల మట్టిగూటిలోకి తన గుడ్డును చేర్చే కోకిల కోవకు చెందినది. కట్టినదొకటి, వచ్చినదొకటి. పాతకాలపువారికి ఇది రూపపరివర్తనగా తోచడంలో వింతేముంది?

ఈ అధ్యయనంలో తెలుగువారి చెయ్యి కూడా ఉందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమైంది. సుప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడ్డాడు. ఆయన భార్య హెలెన్ స్పర్వే, శిష్యులు సురేశ్ జయకర్, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు – ఈ ముగ్గురూ కలిసి మద్రాసు పేరున్న మన మట్టికందిరీగ గురించి 1964లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రచురించారు. దాని విషయం ఒకే ఒక్క గూడు! కోట్ల రూపాయల పరికరాలు అక్కర్లేదు, ఓపిక ఉంటే ఒక్క గూడు చాలునన్నమాట.

మట్టి గూళ్ళతో ఇబ్బంది లేకపోలేదు. పొలంలో పైపుల కన్నాలు, తాళం కన్నాలు మూసుకుపోవడం మనకు తెలిసిందే. విమానవేగాన్ని కొలిచే పిటో గొట్టం మూసుకుపోతే మాత్రం ప్రాణాంతకం. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక బోయింగ్ 757 సముద్రంలో కూలి 189 మంది మరణించారు. కొన్నాళ్ళు నేలమీద నిలిచి ఉన్న ఆ విమానపు గొట్టంలో మట్టికందిరీగ గూడు పెట్టి ఉండవచ్చని అనుమానించారు.

నేల బొరియలు

రెండో రకం తల్లులు నేలలో బొరియ తవ్వుతాయి. వీటిని లోకానికి పరిచయం చేసిన మహానుభావుడు ఫ్రాన్సు దేశపు బడిపంతులు ఫాబ్రె (1823–1915). కీచురాయిని వేటాడే స్ఫెక్స్ కందిరీగ, పట్టిన కీచురాయిని బొరియ గుమ్మం దగ్గర పెట్టి, లోపలికి పోయి చూసుకొని వచ్చి, అప్పుడు లోపలికి లాగుతుంది. అది లోపలికి పోయిన సమయంలో ఫాబ్రె కీచురాయిని కాస్త దూరం జరిపాడు. తల్లి బయటికి వచ్చి, దాన్ని మళ్ళీ గుమ్మానికి తెచ్చి, మళ్ళీ లోపలికి పోయి చూసింది. 40 సార్లు జరిపితే 40 సార్లూ అంతే! సహజాతం ఎంత గొప్పదో, ఎంత గుడ్డిదో ఈ ఒక్క ప్రయోగం చెబుతుంది. అయితే మరోచోటి గుంపులో కందిరీగలు రెండు మూడు సార్లకే మోసం కనిపెట్టి, తిన్నగా లోపలికి లాక్కుపోయాయని కూడా ఆయనే నిజాయితీగా రాశాడు.

ఒకేలా కనిపించే ఇసుకనేలలో తన బొరియ ఏదో తల్లికి ఎలా తెలుస్తుంది? హాలెండులో టిన్‌బర్గెన్ ఈ ప్రశ్న వేసుకొని, తేనెటీగలను వేటాడే కందిరీగ బొరియ చుట్టూ పైన్ కాయలు గుండ్రంగా పేర్చాడు. అది వేటకు పోయాక ఆ వలయాన్ని పక్కకు జరిపాడు. తిరిగి వచ్చిన కందిరీగ వలయం మధ్యలో వాలి, లేని బొరియ కోసం వెతికింది. గుర్తులు చూసి దారి పట్టుకుంటుందని రుజువైంది. జంతువుల ప్రవర్తన మీద చేసిన కృషికి ఆయన 1973లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

మన ఇళ్ళలోనే మరకతంలా మెరిసే ఆంప్యులెక్స్ కంప్రెస్సా అనే కందిరీగ ఒకటుంది. దానికి వేట బొద్దింక. మొదటి పోటు రొమ్ములో, రెండోది తిన్నగా మెదడులో. దానితో బొద్దింకకు నడిచే శక్తి ఉంటుంది గాని, తనంతట తాను నడవాలనే కోరిక పోతుంది. అప్పుడు కందిరీగ దాని మీసం పట్టుకొని, ఎద్దును పలుపు పట్టి తోలుకుపోయినట్టు కన్నంలోకి నడిపించుకుపోయి, కాలిమీద గుడ్డు పెట్టి, గుమ్మం మూసేస్తుంది.

కాగితపు గూళ్ళు

ఇక చూరుకింద, చెట్టుకొమ్మలకు వేలాడే తుట్టెలు. ఇవి మైనంతో కట్టినవి కావు, కాగితంతో కట్టినవి. ఎండిన కర్రను, నారను కొరికి, లాలాజలంతో మెత్తగా నమిలి పలచగా పరిచి ఆరుకోణాల గదులు కడతాయి. చింకిగుడ్డలతో కాగితం చేస్తున్న రోజుల్లో, 1719లో, రెయోమూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ తుట్టెలను చూసి, కర్రతో కాగితం చేయవచ్చునని సూచించాడు. ఈ సావనీరు అచ్చయిన కాగితానికి దారి చూపింది కందిరీగే అన్నా తప్పులేదు.

ఈ కాపురం తీరు వేరు. ఇక్కడ మేత ఒకేసారి నింపి మూయరు. గొంగళిపురుగును నమిలి ముద్దచేసి, పసిపిల్లకు అన్నం పెట్టినట్టు రోజూ లార్వాల నోటికి అందిస్తారు.

దక్షిణ భారతంలో మన కళ్ళెదుటే ఉండే రోపాలిడియా మార్జినేటా అనే చిన్న కందిరీగ మీద, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాలపాటు పరిశోధన చేసి, 2001లో ఒక పెద్ద గ్రంథమే ప్రచురించారు. ఈ తుట్టెలో రాణి ఎంతో సాధువు, ఎవరినీ కొట్టదు, కరవదు. రాణిని తొలగించగానే కూలీల్లో ఒకటి లేచి మిగతావాటి మీద పెత్తనం మొదలుపెడుతుంది. మిగతావి ఎదురు తిరగవు. కొద్ది రోజులకు అది గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, రాణి హోదా వచ్చాక తానూ సాధువైపోతుంది. మన యూనియన్ ఎన్నికల అభ్యర్థులు నేర్చుకోవలసిన పాఠమిది!

గూడే కట్టనివి

కొన్ని జాతులు గూడే కట్టవు. మరో పురుగు ఒళ్ళే వాటికి గూడు. వీటినే పరాన్నజీవులంటాము. మిరపతోటలో గొంగళిపురుగు వీపుమీదో, పక్కనో బియ్యపు గింజల్లా తెల్లని పట్టుగూళ్ళు అంటుకొని కనిపిస్తే అవి పురుగు గుడ్లు కావు. లోపల పెరిగి బయటికి వచ్చిన కందిరీగ పిల్లల గూళ్ళు. ఆ పురుగు ఇక రెక్కల పురుగై గుడ్లు పెట్టడం కల్ల. దాన్ని నలపకుండా వదిలేస్తే, అందులోంచి వచ్చేవి మరిన్ని పురుగుల పని పడతాయి.

ఇంకా చిన్నది ట్రైకోగ్రామా. ఒళ్ళంతా కలిపి ఒక మిల్లీమీటరు లేదు. దీని పిల్ల పెరిగేది మరో పురుగు గుడ్డులో. బియ్యం, జొన్నల్లో పట్టే రెక్కల పురుగు గుడ్లమీద వీటిని పెంచి, అట్టముక్కలకు అంటించి, ‘ట్రైకోకార్డులు’గా చెరకు రైతులకు ఇస్తున్నారు. పీకపురుగు గుడ్డు పగలకముందే దాని కథ ముగుస్తుంది.

మేడిపండు కూడా ఒక కందిరీగ గూడే. వేమన పద్యం పుణ్యమా అని, పైకి నిగనిగ లోపల పురుగు అనే నిందే మనకు గుర్తుంది. నిజానికి మేడికాయ లోపలే దాని పూలుంటాయి. సెరటోసోలెన్ ఫుసిసెప్స్ అనే నలుసంత కందిరీగ రెక్కలు ఊడినా లెక్కచేయక సన్నని కంతలోంచి లోపలికి దూరి, పుప్పొడి అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే ప్రాణం విడుస్తుంది. ఆ పురుగే లేకపోతే మేడిలో గింజ కట్టదు, మేడిచెట్టుకు సంతానమే లేదు.

మన పొలానికి ఏమిటి సంబంధం?

మాది పత్తి, మిరప వేసే కుటుంబం. కాబట్టి ఇది నాకు పరీక్షల్లో రాసే ప్రశ్న మాత్రమే కాదు. ఒక తల్లి కుండలో పెట్టిన ప్రతి గొంగళిపురుగూ ఏదో ఒక ఆకును తింటున్నదే. తుట్టెలో ఉన్న పిల్లలన్నింటికీ రోజూ మేత కావాలంటే ఎన్ని పురుగులు పట్టాలో లెక్కవేసుకోండి. ఈ కూలికి మనం పైసా ఇవ్వడం లేదు.

మనం ఇచ్చే ప్రతిఫలం ఏమిటి? అన్ని పురుగులనూ చంపే మందు. గొంగళిపురుగు ఆకు చాటున, కాయ లోపల దాక్కుంటుంది. కందిరీగ పూలమీద, ఆకులమీద బహిరంగంగా తిరుగుతుంది. మందు ముందుగా తగిలేది దానికే. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడి, పంట పోయి, అప్పుల పాలై రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను విచ్చలవిడిగా కొట్టడం వల్ల, తెల్లదోమను అదుపులో ఉంచే పరాన్నజీవులు నశించడం అందుకు ఒక కారణమని శాస్త్రజ్ఞులు వివరించారు. ఆ పరాన్నజీవుల్లో ఎన్నో చిన్న కందిరీగలే. ఊరి చావిట్లో ఆ సంవత్సరపు మాట ఇప్పటికీ వస్తూనే ఉంటుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో కనిపించిన బొప్పాయి పిండినల్లి దక్షిణాది తోటలను నాశనం చేసింది. ఏ మందుకూ సరిగా లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి అసిరోఫేగస్ పపాయే అనే చిన్న కందిరీగను తెప్పించి, బెంగళూరులో పెంచి వదిలారు. కొద్ది నెలల్లోనే పిండినల్లి అదుపులోకి వచ్చింది.

అలాగని కందిరీగ తుట్టెలన్నీ పూజించమని నేను చెప్పడం లేదు. తేనెటీగ కొండి గుచ్చి ఊడిపోతుంది గాని, కందిరీగ ఎన్నిసార్లయినా కుట్టగలదు. గుంపుగా కుడితే ప్రాణాపాయమే. కుట్టిన తరువాత పెదవులు వాచినా, ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా పసరులూ సున్నమూ రాస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మా బావి దగ్గర వేపచెట్టుకు పట్టిన తుట్టెను కాల్చే విషయంలో మా నాయనకూ నాకూ చాలాసేపు వాదన జరిగింది. “కూలోళ్ళను కుడితే నువ్వొచ్చి సమాధానం చెప్తావేంట్రా?” అన్నాడాయన. అది న్యాయమైన మాటే. చివరకు ఒక ఒప్పందానికి వచ్చాము. మనుషులు తిరిగే దారిలో ఉన్న తుట్టెను అలవాటున్న మనిషి చేత రాత్రిపూట తీయించాలి. గట్లమీద, దూరంగా ఉన్నవాటి జోలికి పోకూడదు. మట్టి గూళ్ళను అసలు ముట్టుకోనక్కర్లేదు, ఒంటరి తల్లి పట్టుకొని నలిపితే తప్ప కుట్టదు. మందు కొట్టేముందు ఆకు తిప్పి, పురుగుతోపాటు దాని శత్రువు కూడా ఉందేమో చూడాలి. మా నాయన మిగతా వాటికి ఒప్పుకున్నాడు గాని, చివరి దానికి మాత్రం “చూద్దాంలే” అన్నాడు. అప్పు తెచ్చి పెట్టిన పైరు మీద ఒక రోజు ఆగి చూడడం ఎంత కష్టమో నాకూ తెలుసు. అయినా ఆ “చూద్దాంలే” దగ్గరే ఆశ ఉంది. శాస్త్రం అడిగేది కూడా అంతే కదా, చూద్దామని.

మిత్రులారా! మన కళాశాల వరండా మూలల్లో, ప్రయోగశాల కిటికీల మీద, సైకిలు షెడ్డు చూరుకింద ఇప్పుడు కూడా ఎన్నో గూళ్ళున్నాయి. ఒక నోటుపుస్తకం, ఒక చేతిగడియారం, కాస్త ఓపిక – ఇవి చాలు. ఏ తల్లి ఎన్నిసార్లు మట్టి తెచ్చింది, ఏ పురుగును పట్టింది, ఎన్నాళ్ళకు పిల్ల బయటికి వచ్చింది – రాసిపెట్టండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ చేనిగట్టు మీద కూడా చూసి, ఇంట్లోవాళ్ళకు చూపించండి. పురుగుమందు కొనడానికి డబ్బులు లెక్కపెట్టేముందు మన పక్షాన పనిచేసే పురుగులను లెక్కపెట్టే అలవాటు ఒక్క ఇంటికి చేయగలిగినా, మన చదువు మన ఊరికి అక్కరకొచ్చినట్టే.